ఒక్క పుస్తకం, పద్నాలుగు గొంతులు: ఒక క్వయర్ బుక్ తయారీ డైరీ

జనవరి 7, మంగళవారం, లూవెన్, బెల్జియం

ప్రాక్టీసు అయిపోయి అందరం కోట్లు తొడుక్కుంటుంటే మా డైరెక్టర్ గారు కచేరీ జాబితా చదివారు. మార్చి 22, శనివారం సాయంత్రం, ఊళ్ళోనే ఒక పాత చర్చిలో. అన్నీ 15వ శతాబ్దపు లాటిన్ భక్తిగీతాలు, డన్‌స్టేపుల్, డుఫాయి, జోస్కాన్ అనే ముగ్గురు స్వరకర్తలవి. ఆర్గన్ లేదు, ఏ వాద్యమూ లేదు, ఉన్నవి మా పద్నాలుగు గొంతులే. డన్‌స్టేపుల్ ‘క్వామ్ పుల్క్రా ఎస్’, డుఫాయి ‘ఆవే మారిస్ స్తెల్లా’, ఆయనదే ‘స లా ఫాస్ ఎ పాల్’ మాస్ (చర్చి ఆరాధనకు కూర్చిన పాటల వరస)లోని గ్లోరియా అనే భాగం, జోస్కాన్ ‘ఆవే మరియా’. ఆఖరున మళ్ళీ డుఫాయి, ‘ఆవే రెజీనా చేలోరుమ్’.

ఆ ఆఖరి పాటకు ఆవిడ ఒక షరతు పెట్టారు. ఎవరి చేతిలోనూ కాగితాలు ఉండకూడదు. ఆ కాలంలో పాడినట్టే పెద్ద పుస్తకం ఒకటి స్టాండు మీద పెట్టి, అందరం దాని చుట్టూ నిలబడి, అప్పటి స్వరలిపి చూస్తూ పాడాలి. “పుస్తకం ఎవరు తయారుచేస్తారు?” అని అడిగారు. నేను చెయ్యెత్తాను.

చిన్నప్పుడు గుంటూరులో మా చర్చి క్వయర్‌కి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు ఎప్పుడూ సరిపోయేవి కావు. ఒక్క పుస్తకంలోకి ముగ్గురం తొంగిచూస్తూ పాడేవాళ్ళం. పక్కపిల్ల ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నా భుజానికి తెలిసేది. ఇక్కడికొచ్చి నాలుగేళ్ళుగా ఎవరి ఫైలు వాళ్ళు పట్టుకుని పాడుతున్నాం. ఆ భుజం తగలక చాలా కాలమైంది.

జనవరి 11, శనివారం

మూలం చూస్తూ కూర్చున్నాను. ఆ ఆఖరి పాట వాటికన్ గ్రంథాలయంలోని ‘సాన్ పియేత్రో బి 80’ అనే రాతప్రతిలో ఉంది. దాని ఫొటోలు కంప్యూటర్‌లోనే చూడొచ్చు. ఎదురెదురు పేజీల జత తెరిస్తే నాలుగు గొంతులకూ నాలుగు చోట్లు. ఎడమ పేజీలో పైన సుపీరియస్ (అన్నిటికంటే హెచ్చు స్థాయి గొంతు), కింద టెనర్. కుడి పేజీలో పైన కాంట్రాటెనర్, కింద బాసుస్ (అన్నిటికంటే మంద్రంగా ఉండే గొంతు). ఇప్పటి అచ్చు నొటేషన్‌లో నాలుగు వరసలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి పక్కవాళ్ళు ఏం పాడుతున్నారో కంటికి కనిపిస్తుంది. ఇందులో ఎవరి వరస వాళ్ళకే. తాళాన్ని విడగొట్టే నిలువు గీతలు కూడా లేవు.

ఈ లిపిలో నన్ను పట్టేసింది అక్షరాల విలువ. పాట మొదటి భాగానికి గుర్తు పూర్తి వృత్తం. అంటే బ్రీవ్ అనే చదరపు స్వరానికి మూడు మాత్రలు. కానీ దాని వెనకే ఒక మాత్ర విలువైన సెమీబ్రీవ్ ఒక్కటే వస్తే ఆ ఒక మాత్రను ముందున్న బ్రీవ్ నుంచి తీసేసుకుంటుంది, బ్రీవ్‌కు రెండే మిగులుతాయి. వెనక ఇంకో బ్రీవ్ వస్తే మాత్రం మూడూ మూడే. రెండు బ్రీవ్‌ల మధ్య సెమీబ్రీవ్‌లు రెండు ఇరుక్కుంటే రెండోది రెట్టింపవుతుంది. స్వరం ఆకారం మారదు, తర్వాత ఏమొస్తుందో చూసుకుని దాని పొడవు తేల్చుకోవాలి.

మా బృందంలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. నాకు మాత్రం ఎనిమిదో తరగతి తెలుగు క్లాసు కళ్ళముందుకొచ్చింది. ‘సత్యము’ అన్నప్పుడు ‘స’ విడిగా చూస్తే లఘువే, వెనక సంయుక్తాక్షరం ఉంది కాబట్టి గురువైంది. అక్షరం బరువు దాని తర్వాతి అక్షరం చెబుతుంది. గణవిభజన చెయ్యడానికి పద్యం కింద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నట్టే, ప్రింటు తీసిన పేజీల కింద మూడు, రెండు, ఒకటి అని అంకెలు వేసుకుంటూ పోయాను. అర్ధరాత్రికి సుపీరియస్ సగం అయింది.

జనవరి 19, ఆదివారం

ఇవాళంతా కొలతలు.

మామూలు నొటేషన్‌లో ఐదు గీతల ఎత్తు 7 మిల్లీమీటర్లు, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. మా వెనక వరస పుస్తకానికి 2 మీటర్ల దూరంలో ఉంటుంది. ఆ లెక్కన గీతల ఎత్తు 23 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్కో పేజీ ఏ2 సైజు నిలువుగా పెడితే, కింద సాహిత్యానికి చోటు వదిలాక, పేజీకి 12 వరసలు పడతాయి. గొంతుకు ఆరు. మొత్తం పాటకు నాలుగు జతల పేజీలు, మూడుసార్లు పేజీ తిప్పడం.

అసలు కష్టం ఈ తిప్పడంలోనే ఉంది. నాలుగు గొంతులూ ఒకే పుస్తకం చూస్తున్నాయి కాబట్టి పేజీ తిరిగితే అందరికీ ఒకేసారి తిరుగుతుంది. అంటే ప్రతి జతలోనూ నలుగురి సంగీతమూ సరిగ్గా ఒకే క్షణంలో అయిపోవాలి. సుపీరియస్‌కు చిన్నచిన్న స్వరాలు, ఆరు వరసలూ నిండిపోతాయి. టెనర్‌కు దీర్ఘస్వరాలు, విరామాలు, మూడున్నర వరసల్లోనే సర్దుకుంటుంది. పోనీ మిగిలిన చోటులోకి టెనర్ ముందుకు జరుగుతాడా అంటే కుదరదు, ఖాళీ వదిలి ఆగాలి. పైగా తిప్పే చోట ఎవరో ఒకరికి విరామం ఉండాలి, లేకపోతే తిప్పే చెయ్యి ఎక్కడిది? ఇవన్నీ ముందే లెక్కేసుకుని, ఈక కలంతో, తప్పు పడితే గీకి చెరపాల్సిన తోలు కాగితం మీద రాసేవాళ్ళు ఆ లేఖకులు. నేను కంప్యూటర్‌లో ఇరవైసార్లు జరిపాను.

ఇక్కడికి పక్కనే ఉన్న మెఖెలెన్‌లో ఇలాంటి పుస్తకాలకు పేరుపడ్డ లేఖకుడు ఒకాయన ఉండేవాడు, పెట్రుస్ అలామీరె. నూరెంబర్గ్ నుంచి వచ్చి, హాబ్స్‌బర్గ్ దర్బారు కోసం క్వయర్ బుక్కులు తయారుచేయించి, 1536లో మెఖెలెన్‌లోనే పోయాడు. ఇంటిపేరు ఇమ్‌హోఫ్. అలామీరె అన్నది తనకు తాను పెట్టుకున్న పేరు: ఆ, లా, మి, రె. అన్నీ స్వరాల పేర్లే. ఆయన పుస్తకాలు ఫొటోల్లో చూసిన ప్రతిసారీ బంగారు రంగు బొమ్మల మీదికే చూపు పోయేది. ఇవాళ మొదటిసారి వరసల చివర ఖాళీలు చూశాను.

జనవరి 28, మంగళవారం

శ్రుతి గురించి పెద్ద చర్చ. మా బాసుస్‌లు ఇద్దరు పియానోతో సాధన చేసి వస్తారు. పియానోలో పంచమం కాస్త తక్కువ, గాంధారం బాగా ఎక్కువ. ఈ సంగీతానికి ఆధారం స్వచ్ఛమైన పంచమం, మూడుకు రెండు నిష్పత్తి. అది నిలబడితేనే మిగతావి వాటి చోట్లలో కూర్చుంటాయి. అలాంటి పంచమాలనే నాలుగింటిని పేర్చుకుంటూ పోతే వచ్చే గాంధారం 81:64. ఐదుకు నాలుగు నిష్పత్తిలో ఉండే తీయని గాంధారం కంటే అది పైనుంటుంది. ఆ కాలపు సిద్ధాంత గ్రంథాల్లో చాలాకాలం మొదటి లెక్కే నడిచింది. పాడేటప్పుడు మాత్రం, మూడు గొంతులు కలిసి ఆగిన చోట, చెవి ఆ రెండోదాని వైపు జారుతుంది.

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టనా అని అడిగాను. డైరెక్టర్ గారు సరేనన్నారు. దీపాలు తగ్గించి, పావుగంట సేపు షడ్జం మీద పంచమం నిలిపాం. తర్వాత ఒక్కొక్కరం గాంధారం కలిపాం. అంతర గాంధారం సరిగ్గా కూర్చున్నప్పుడు గది గోడల్లోంచి ఇంకో గొంతు పలికినట్టయింది. బాసుస్‌లలో పెద్దాయన, రిటైరైన రైల్వే ఇంజనీరు, “ఇది ఎవరు పాడారు?” అని వెనక్కి తిరిగి చూశారు.

ఇకనుంచి ప్రతి ప్రాక్టీసూ తంబురాతోనే మొదలు.

ఫిబ్రవరి 2, ఆదివారం

క్యాండిల్‌మస్ పండగ. పాత చర్చి క్యాలెండర్ ప్రకారం ‘ఆవే రెజీనా చేలోరుమ్’ పాడే కాలం ఈ రోజుతో మొదలై పవిత్ర వారం బుధవారం దాకా ఉంటుంది. మా కచేరీ ఆ రోజుల్లోనే పడింది, సంతోషం.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. ముప్పై ఏళ్ళు బడిలో సంగీతం చెప్పింది, వినకుండా ఊరుకోదు. నా వరస కాస్త పాడాను.

“సాహిత్యం అర్థమేంటి తల్లీ?”

పాట అసలు ‘పరలోకరాణీ, వందనం’ అనే పాత ప్రార్థన. దాని మధ్యలో డుఫాయి తన మాటలు చేర్చాడు. ‘మిసెరెరె తూయి లాబెంతిస్ డుఫాయి’. పడిపోతున్న నీ డుఫాయిని కరుణించు, పాపులు కాలే మంటల్లో పడనీయకు, అని.

“పేరు పెట్టుకున్నాడా! అయితే అది ముద్రేగా. త్యాగరాజు వేసుకోలా?” అంది అమ్మ.

ఏడాదిగా ఈ పాట వింటున్నాను. ముద్ర అనే మాట నాకు తట్టలేదు.

మిగతా కథ చెప్పాను. డుఫాయి ఉత్తర ఫ్రాన్సులోని కాంబ్రే కెథడ్రల్‌లో పెరిగి, ఇటలీలో పోపుల దగ్గర పాడి, ముసలితనంలో మళ్ళీ కాంబ్రే చేరాడు. ఈ పాట 1460లలో అక్కడ పుస్తకంలోకెక్కింది. 1474 జూలైలో రాసిన వీలునామాలో ఆయన ఒక కోరిక పెట్టాడు. తను పోయే ఘడియ దగ్గరపడ్డప్పుడు, సమయం ఉంటే, కెథడ్రల్ గాయకులు ఎనిమిది మంది మంచం పక్కన మెల్లగా ఒక స్తోత్రం పాడాలి. ఆ తర్వాత బాలగాయకులు, వాళ్ళ మాస్టారు, ఇంకో ఇద్దరు కలిసి ఈ ‘ఆవే రెజీనా’ పాడాలి.

“మరి పాడారా?”

“టైం చాల్లేదమ్మా. నవంబర్ 27న పోయాడు. అంత్యక్రియల్లో పాడారు.”

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ ‘మిసెరెరె’ ముక్క మళ్ళీ పాడు” అంది. పాడాను. “అక్కడ గాంధారం మార్చాడే” అంది వెంటనే.

అవును, మార్చాడు. షడ్జాన్ని సి అనుకుంటే, అంతదాకా అంతర గాంధారంతో వెలుగ్గా నడిచిన పాట ఆ మాట దగ్గర ఉన్నట్టుండి సాధారణ గాంధారంలోకి దిగుతుంది. అప్పటి స్వరపద్ధతిలో అలా కిందికి దించిన ఆ స్వరాన్ని ‘ఫా’ అని పాడతారు. డుఫాయి సంతకం చేసేటప్పుడు తన పేరు మధ్యలో ‘ఫా’ అని రాయకుండా దాని బదులు ఒక స్వరం గీసేవాడు. ఈ మాట చెబితే అమ్మ, సాహిత్యంలో అక్షరమే స్వరం కూడా అయితే అది స్వరాక్షరం అంటూ గంటసేపు వర్ణాలు పాడుతూ కూర్చుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

మొదటి జత పేజీలు ప్రింటయ్యాయి. 160 గ్రాముల మీగడరంగు కాగితం, మెరుపు లేనిది. గోడకు అతికించి పాడి చూశాం. వరస మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు తప్పు స్వరం అందుకున్నారు. తప్పు నాది. చోటు కలిసొస్తుందని వరస చివర ఉండే చిన్న కొక్కెం గుర్తు తీసేశాను. దాన్ని కుస్తోస్ అంటారు, లాటిన్‌లో కాపలావాడని అర్థం. కింది వరస ఏ స్వరంతో మొదలవుతుందో పై వరస చివరనే చూపిస్తుంది. కన్ను కిందికి దిగేలోపు గొంతు సిద్ధమవుతుంది. ఎనిమిది పేజీలూ మళ్ళీ సర్దాలి.

ఫిబ్రవరి 18, మంగళవారం

కుస్తోస్‌లు పెట్టి అన్నీ మళ్ళీ ప్రింటు తీశాను. ఇవాళ మొదటిసారి పద్నాలుగు మందిమీ ఒకే చోట గుమికూడాం. పొట్టివాళ్ళం ముందు, పొడుగువాళ్ళు వెనక.

పన్నెండో బ్రీవ్ దగ్గర కుప్పకూలింది. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ కూలింది. నిలువు గీతలు లేవు కాబట్టి ‘ఫలానా చోటు నుంచి’ అని చెప్పడానికి లేదు. ప్రతిసారీ మొదటికే రావాలి. కాంట్రాటెనర్ పాడే ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని పాత అచ్చు కాగితాలు ఇమ్మన్నారు. ఆవిడ బాధ న్యాయమే. ఇరవై ఏళ్ళుగా కంటితో మిగతా గొంతులను చూస్తూ పాడిన మనిషి.

డైరెక్టర్ గారు తాళం వెయ్యడం ఆపేసి తనూ మాలో కలిసి నిలబడ్డారు. ముందున్నవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి, వేళ్ళతో మెల్లగా తాళం వెయ్యమన్నారు. పాట మొదలుపెట్టేది పై రెండు గొంతులే. మిగతావాళ్ళు తమ విరామాలు లెక్కపెట్టొద్దు, వినండి, మీ చోటు మీకు వినిపించినప్పుడు రండి అన్నారు. ఈసారి మొదటి పేజీ చివరిదాకా వెళ్ళాం. అక్కడ నాలుగు గొంతులూ కలిసి ఆగాయి. పేజీ సరిగ్గా అక్కడే అయిపోయింది. నెల రోజుల లెక్కలు ఆ ఒక్క ఆగడంలో నాకు వినిపించాయి.

ఫిబ్రవరి 25, మంగళవారం

గ్లోరియాకే సమయమంతా పోయింది. టెనర్‌లో డుఫాయి తన పాత ప్రేమపాట ఒకటి పెట్టాడు: నా మొహం పాలిపోయిందంటే కారణం ప్రేమే, అని. అదే వరస గ్లోరియాలో మూడుసార్లు వస్తుంది. మొదట మూడింతలు సాగదీసి, తర్వాత రెండింతలు, ఆఖరున రాసి ఉన్న వేగంలో. పల్లవిని త్రికాలం చేసినట్టే. మొదటిసారి అది పాటని కూడా పోల్చుకోలేం, స్తంభాల్లా నిలబడి ఉంటుంది. మూడోసారికి పరుగెత్తుతుంది. మా టెనర్లు ముగ్గురికీ ఒక రాత్రి చేత్తో తాళం వేసి చూపించాను, ఇప్పుడు చెక్కుచెదరడం లేదు.

మార్చి 9, ఆదివారం

స్టాండు వచ్చింది. మా రైల్వే పెద్దాయన తమ్ముడు వడ్రంగి, ఓక్ చెక్కతో చేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. పుస్తకం కింది అంచు నేలనుంచి 125 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెట్టాం. కుట్టుపని నేనే చేశాను: పేజీలకు మధ్యలో మైనం పట్టించిన నార దారం, అట్టలకు బూడిదరంగు ఖాదీ గుడ్డ. ఆ గుడ్డ కిందటేడు గుంటూరు నుంచి తెచ్చుకున్నది, కుర్తా కుట్టించుకుందామని.

దీపాల కోసం మెరిసే క్లిప్పు లైట్లు తెస్తే కాగితం మీద తెల్లటి మరక పడింది. వాటి ముందు వెన్నకాగితం చుట్టాక తగ్గింది.

మార్చి 18, మంగళవారం

చర్చిలో చివరి రిహార్సల్. లోపల ఎనిమిది డిగ్రీలు. బాసుస్‌లలో ఒకరికి జ్వరం, రాలేకపోతున్నారు.

రాతి కప్పు కింద ప్రతి స్వరం తీరిగ్గా ఆరుతుంది. జోస్కాన్ ‘ఆవే మరియా’కు ఇదే కావాలి. ఒక్కో గొంతూ అదే వరస అందుకుంటూ పైనుంచి కిందికి దిగుతుంటే ముందరి గొంతు ఇంకా గాలిలోనే ఉంటుంది. దాని ఆఖరున ‘ఓ మాతెర్ దేయి, మెమెంతో మేయి’ అని అందరం కలిసి సాదాగా పలుకుతాం: దేవమాతా, నన్ను జ్ఞాపకముంచుకో. అక్కడ జోస్కాన్ పేరు లేదు, ‘నన్ను’ అని మాత్రమే ఉంది. దాని వెంటనే డుఫాయి తన పేరుతో వస్తాడు. డైరెక్టర్ గారు ఈ రెంటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారో ఇవాళ అర్థమైంది.

‘ఆవే మారిస్ స్తెల్లా’ మాత్రం చలికి శ్రుతి దిగింది. అందులో ఒక చరణం ఒంటి గొంతుల వరస, ఒక చరణం మూడు గొంతుల ఫోబర్డన్. మధ్య గొంతును డుఫాయి రాయనే లేదు. పై గొంతు నుంచి లెక్కపెడితే కిందికి నాలుగో స్వరంలో, దాని నీడలా పాడుకుపోవాలి. పై గొంతు తగ్గితే నీడ కూడా తగ్గుతుంది. శనివారం తంబురా చెవిలో పెట్టుకుని రమ్మని అందరికీ చెప్పాను.

మార్చి 22, శనివారం రాత్రి

పదకొండయింది, నిద్ర రావడం లేదు, రాసేస్తాను.

కుర్చీలన్నీ నిండాయి. శ్రుతి నిలబడింది. ఆఖరి పాటకు దీపాలు ఆర్పేసి పుస్తకం మీద మాత్రం వెలుగు ఉంచారు. జ్వరంతో రాని ఒక్కరు తప్ప పదముగ్గురమూ జనానికి వీపులు, పక్కలు చూపిస్తూ స్టాండు చుట్టూ మూగాం. నా కుడి భుజం మీద ఎవరిదో చెయ్యి, నా చెయ్యి ముందున్న ఆవిడ భుజం మీద. ఫిబ్రవరిలో ఏడ్చిన ఆవిడే.

రెండో పేజీ తిప్పేటప్పుడు చెమ్మకు రెండు కాగితాలు అంటుకుపోయాయి. తిప్పే టెనర్ వేలు జారింది, మూల చిరిగిన చప్పుడు వినిపించింది. ఎదుట ఉండకూడని పేజీ ఉంది. ఒక్క బ్రీవ్, రెండు బ్రీవ్‌లు, ఎవరికీ చూడ్డానికి ఏమీ లేదు. ఎవరూ ఆగలేదు. భుజం మీద వేళ్ళు అదే నడకలో తట్టుతున్నాయి. బాసుస్ మీద పంచమం వినిపించింది, నా చోటు అక్కడే ఉంది, వెళ్ళి కూర్చున్నాను. కాగితం విడిపోయి సరైన పేజీ కనబడేసరికి అందరం సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాం.

ఆ పేజీలోనే ఉంది ఇంకో ముద్ర: ‘మిసెరెరె సుప్లికాంతి డుఫాయి’. వేడుకుంటున్న డుఫాయిని కరుణించు, అతని మరణం నీ కళ్ళకు అందంగా ఉండనీ. డు, ఫా, యి అని మూడు అక్షరాలుగా విడదీసి పాడాం. 550 ఏళ్ళ కిందట మంచం పక్కన పాడమని అడిగి, వినకుండానే పోయిన మనిషి. ఆ కెథడ్రల్ ఇప్పుడు లేదు, ఫ్రెంచి విప్లవం తర్వాత కూల్చేశారు. ఆయన సమాధి రాయి 1859లో ఒక బావి మీద మూతగా దొరికింది, ఇప్పుడు లీల్ మ్యూజియంలో ఉంది. పేరు మాత్రం పాటలో ఆయన పెట్టిన చోటే ఉంది. ఆ మాట నా గొంతులోంచి వెళ్తున్నప్పుడు కాసేపు కళ్ళు మసకబారాయి. పుస్తకం కనిపించకపోయినా ఏం కాలేదు.

మార్చి 23, ఆదివారం

అమ్మకు రికార్డింగు పంపాను. చిరిగిన చప్పుడు తనకూ వినిపించిందట. “అక్కడ ఎవరు పట్టుకున్నారు?” అని అడిగింది. ఎవరని చెప్పాలో తెలియలేదు.

పుస్తకం మా హాల్లో గోడకు ఆనించి ఉంది. చిరిగిన మూలను పల్చటి జపాన్ కాగితం ముక్కతో, మైదా జిగురుతో అతికించి, రాత్రంతా బరువు కింద పెట్టాలి. పేజీల మధ్య చెమ్మ చేరకుండా బటర్ పేపర్లు పెడితే చాలనుకుంటున్నాను. జ్వరంతో రాలేకపోయిన బాసుస్ ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, మంగళవారం స్టాండు తీసెయ్యొద్దని, ఒక్కసారి తనూ ఆ గుంపులో నిలబడి పాడతానని అన్నారు. సోమవారం సాయంత్రానికి జిగురు ఆరాలి.